వాగులు, చిత్తడి నేలలు దాటే నగర రహదారి: దేశవ్యాప్త అనుమతా, విడి అనుమతా, ఏది మేలు?

అమెరికాలో ఒక నగరపాలక సంస్థ కొత్త రోడ్డుకు గీత గీసి, ఆ గీత రెండు మూడు వాగులనూ వాటి వెంట ఉన్న చిత్తడి నేలనూ దాటుతోందని తెలుసుకోగానే, ఏ అనుమతికి దరఖాస్తు పెట్టాలన్న ప్రశ్న ముందుకు వస్తుంది. 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ 404వ సెక్షన్ ప్రకారం, సమాఖ్య పరిధిలోకి వచ్చే వాగులోగాని చిత్తడి నేలలోగాని మట్టి, రాయి పోయాలంటే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలుకు రెండు దారులున్నాయి. నష్టం తక్కువగా ఉండే పనుల కోసం కోర్ ముందే రాసిపెట్టి, ఐదేళ్లకు మించని గడువుతో దేశమంతటికీ వర్తింపజేసే నేషన్‌వైడ్ పర్మిట్ ఒకటి; రోడ్లు, రైలు మార్గాల వంటి వాటికి ఇందులో 14వ నంబరు వర్తిస్తుంది. ఆ ఒక్క రోడ్డునే పరీక్షించి ఇచ్చే ఇండివిడ్యువల్ పర్మిట్ రెండోది. వీటిని ఇక్కడ దేశవ్యాప్త అనుమతి, విడి అనుమతి అని పిలుచుకుందాం.

మొదటిదాని గుట్టు అంతా విస్తీర్ణంలోనే ఉంది. ఆటుపోట్లు లేని నీటివనరులో ఒక్కో దాటుచోట శాశ్వతంగా పోయే నేల అర ఎకరం, అంటే మన లెక్కలో 50 సెంట్లు మించకూడదు. ఆటుపోట్లు తగిలే చోట ఎకరంలో మూడో వంతే పరిమితి. నష్టం 10 సెంట్లు దాటినా, చిత్తడి నేలలో ఎంత కొంచెం మట్టి పోసినా, పనికి ముందే కోర్‌కు నోటీసు ఇవ్వాలి. నోటీసు పూర్తిగా అందిన 45 రోజుల్లోగా జవాబు రాకపోతే, అంతరించిపోతున్న జీవుల విషయమో చారిత్రక స్థలాల విషయమో తేలాల్సి ఉంటే తప్ప, అనుమతి వచ్చినట్టే లెక్క. గడువు తరుముకొస్తున్న నిధులతో పనిచేసే నగరానికి ఈ 45 రోజుల మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

అయితే 50 సెంట్లు ఎంత త్వరగా కరిగిపోతాయో ఒకసారి లెక్క వేసి చూడాలి. అర ఎకరం అంటే 21,780 చదరపు అడుగులు. రోడ్డు పైభాగం 60 అడుగుల వెడల్పు, కట్ట ఎత్తు 10 అడుగులు, రెండు పక్కలా అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు అనుకుంటే, కట్ట అడుగుభాగం 100 అడుగుల వెడల్పవుతుంది. అప్పుడు 218 అడుగుల పొడవు చిత్తడి నేల దాటేసరికి పరిమితి నిండిపోతుంది. రోడ్డు మట్టాన్ని ఐదడుగులు దించితే అదే విస్తీర్ణంలో 272 అడుగులు దాటవచ్చు. వాలు తీసేసి రెండు పక్కలా మట్టిని నిలిపే రిటైనింగ్ గోడలు కడితే 363 అడుగులు దాటవచ్చు. స్తంభాల మీద వంతెన వేస్తే లెక్కే మారిపోతుంది. ఎందుకంటే వంతెనల కోసం దిగగొట్టే పైళ్లను నిబంధనలు సాధారణంగా మట్టి పోతగా పరిగణించవు. అందువల్ల దేశవ్యాప్త అనుమతిని చవకబారు సడలింపుగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేను. సంఖ్య ఒకటి ఎదురుగా నిలబడితే, డిజైనరు కట్టను సన్నబరచడానికీ అలైన్‌మెంట్‌ను నాలుగు గజాలు జరపడానికీ తనంతట తానే సిద్ధపడతాడు.

ఆ సెంట్లు ఎక్కడినుంచి కొలవాలన్నది మరో చిక్కు. మన వైపు చెరువు హద్దు అనగానే అలుగు మట్టం, పూర్తి నీటిమట్టపు రాళ్లు గుర్తొస్తాయి. అమెరికాలో చిత్తడి నేల హద్దును ఆ చోటే చెప్పాలి. 1987 నాటి కోర్ మాన్యువల్ ప్రకారం నీరు, నేల, మొక్కలు మూడూ సాక్ష్యం పలకాలి. నిపుణుడు చేతి బర్మాతో మట్టి కడ్డీని పైకి లాగి, తడిముద్దను వేళ్ల మధ్య విరిచి, రంగుల పుస్తకంలోని చతురస్రాల పక్కన పెట్టి చూస్తాడు. బూడిదరంగు మట్టిలో మొక్కల వేళ్ల వెంబడి తుప్పు రంగు చారలు కనిపిస్తే, ఆ నేల ఎక్కువకాలం నీటిలో నాని గాలి అందక ఉందని అర్థం. అలా గుంట తర్వాత గుంట తవ్వి, హద్దు వెంట జెండాలు నాటుతాడు. 2023లో శాకెట్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ఏడాదిలో చాలాకాలం నీరుండే వాగుకో నదికో నేలమీద ఎడతెగకుండా కలిసి ఉన్న చిత్తడి నేలలే సమాఖ్య పరిధిలో మిగిలాయి. దాంతో కొన్ని జెండాలకు సమాఖ్య పరిధిలో విలువ పోయినా, 1991 నుంచి సొంత చట్టం ఉన్న మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో అదే నేలకు రాష్ట్రం కాపలా కాస్తూనే ఉంటుంది.

విడి అనుమతి తీరు వేరు. దరఖాస్తు పూర్తయ్యాక కోర్ బహిరంగ ప్రకటన ఇస్తుంది. 15 నుంచి 30 రోజులపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నగరం ప్రత్యామ్నాయాల విశ్లేషణ సమర్పించాలి, ఆచరణకు వీలైన వాటిలో జలావరణానికి అతి తక్కువ హాని చేసేదే తాము ఎంచుకున్నదని రుజువు చేయాలి. ఇక్కడ రుజువు భారం తలకిందులుగా ఉంటుంది. నీటిలోనే ఉండి తీరాల్సిన అవసరం లేని పనిని చిత్తడి నేలలో చేయబోతే, మెరుగైన చోటు మరొకటి ఉందనే చట్టం ముందుగా ఊహిస్తుంది. లేదని నిరూపించుకోవడం దరఖాస్తుదారు పని. పేరుకు 60 రోజుల్లో తేల్చాలన్న నిబంధన ఉన్నా, ఇతర చట్టాల ప్రక్రియలు పూర్తయ్యేదాకా ఆగవచ్చన్న మినహాయింపు ఆ నిబంధనలోనే ఉంది. నీటి నాణ్యత ధ్రువీకరణకు రాష్ట్రం ఒక్కటే ఏడాది దాకా తీసుకోవచ్చు.

ఈ దారి ఎంత దూరం సాగదీయగలదో చూడాలంటే కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ నగరం వైపు చూడాలి. నగరానికి దక్షిణంగా వేసిన బైపాస్ పశ్చిమ భాగం 1996లో తెరుచుకుంది. తూర్పు భాగం మాత్రం హాస్కెల్-బేకర్ చిత్తడి నేలల దగ్గర ఆగిపోయింది. 32వ వీధి వెంబడి చిత్తడి నేల మీదుగా వెళ్లాలా, వాకరూసా నది దాటి దక్షిణంగా 42వ వీధి వైపు తిరిగి వెళ్లాలా అన్నది వివాదం. పక్కనే ఉన్న హాస్కెల్ మూలవాసుల విశ్వవిద్యాలయంవారికి ఆ నేలతో ఉన్న బంధం కారణంగా వివాదం ఇంకా లోతుకు పోయింది. చివరకు చిత్తడి నేల మీదుగా వెళ్లే దారినే ఎంచుకున్నారు, 2012లో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని సమర్థించింది, 2016 నవంబరులో రోడ్డు తెరుచుకుంది. ప్రతిగా 300 ఎకరాలకు పైగా చిత్తడి నేలను కొత్తగా తయారుచేశారు. మట్టం దించో గోడలు కట్టో అంతటి రోడ్డును 50 సెంట్లలో ఇమిడ్చే మార్గం లేదు. ఎన్నేళ్లు పట్టినా రెండు దారులనూ పక్కపక్కన పెట్టి, జనం ఎదుట వాదించుకుని తేల్చుకోవలసిన విషయమది.

రెండింటి మధ్య అసలు బేరం నడిచేది దాటుచోట్ల లెక్క దగ్గర. రోడ్డు వంటి పొడవాటి పనుల్లో, దూరదూరంగా ఉన్న ఒక్కో దాటుచోటును ఒక్కో సంపూర్ణ పనిగా లెక్కిస్తారు. అంటే నాలుగు వాగులను దాటుతూ, ఒక్కోచోట 40 సెంట్ల చొప్పున మొత్తం ఎకరం 60 సెంట్లు పూడ్చే రోడ్డు కూడా 14వ నంబరు కిందికి రావచ్చు. కానీ ఒకే పెద్ద చిత్తడి నేల వేళ్లలా చాచిన పాయలను విడివిడి దాటుచోట్లుగా చూపడానికి వీల్లేదని నిబంధన స్పష్టంగా చెబుతుంది. పైగా ఇచ్చే నోటీసులో మిగతా దాటుచోట్ల నష్టాన్నీ చూపాలి. అన్నీ కలిపి చూస్తే హాని స్వల్పం కాదనిపిస్తే, కోర్ జిల్లా ఇంజినీరు విడి అనుమతి అడగవచ్చు. ఒకే పరీవాహకంలోని నాలుగు పిల్లవాగులను ఒక్కోటీ 49 సెంట్లకు కుదించి తెచ్చిన నక్షాను చూస్తే, ఆ కుదింపు వాగు కోసం జరిగిందో ఫారం కోసం జరిగిందో అనుభవమున్న అధికారి ఇట్టే పసిగడతాడు. అటువంటి నగరం ఏడాది గడిచాక విడి అనుమతికి మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవలసి వస్తే, మొదట ఆదా అయిందనుకున్న కాలం రెట్టింపుగా ఖర్చవుతుంది.

పరిహారం విషయంలో రెండు దారులూ ఇంచుమించు ఒకే చోట కలుస్తాయి. మొదట తప్పించు, తర్వాత తగ్గించు, మిగిలినదానికే పరిహారం ఇవ్వు అన్నది వరస. దేశవ్యాప్త అనుమతిలో సాధారణంగా 10 సెంట్లు దాటిన చిత్తడి నష్టానికి కనీసం సమానంగా, 3 సెంట్లు దాటిన వాగు గర్భానికి కూడా పరిహారం చూపాలి. 2008 నిబంధనలు మిటిగేషన్ బ్యాంకులో, అంటే పరిహారం కోసమే మరోచోట బాగుచేసి ఉంచిన చిత్తడి నేలలో, క్రెడిట్లు అనే వాటాలు కొనడానికే మొదటి ప్రాధాన్యం ఇచ్చాయి. రోడ్ల శాఖ సొంతంగా తవ్విన గుంటలో తుంగ బతికిందా లేదా అని ఏళ్లతరబడి కాపలా కాయడం కన్నా ఇది నయమే. కాకపోతే బ్యాంకు పరీవాహకంలో మరోచోట ఉంటుంది, ఊరి వరదనీటిని పీల్చుకునే నేల మాత్రం ఊళ్లోనే పోతుంది.

ఏ అనుమతి తెచ్చుకున్నా చెడిపోయే చోటు కల్వర్టు. గొట్టం ఇరుకైతే వాననీరు దూకుడుగా బయటపడి అవతలి గర్భాన్ని కోసేస్తుంది. నాలుగైదేళ్లకు గొట్టం అంచు గాలిలో వేలాడుతుంది, కింద కట్టిన మడుగులోని చేపలు పైకి ఎక్కలేవు. అడుగుభాగాన్ని వాగు గర్భం కన్నా లోతుగా పాతి, వెడల్పును వాగు నిండు ప్రవాహానికి సరిపెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నీటి జీవాల రాకపోకలు ఆగకూడదని దేశవ్యాప్త అనుమతి షరతుల్లోనే ఉంది, కానీ 45 రోజుల పరిశీలనలో ఆ షరతును గొట్టం కొలతలదాకా పట్టి చూసే తీరిక ఎంత ఉంటుందో అనుమానమే.

నా తీర్పు ఇది. దాటుచోట్లు తక్కువై, మట్టం దించో గోడలు కట్టో వంతెన వేసో నష్టాన్ని నిజంగా కుదించగలిగితే దేశవ్యాప్త అనుమతే మేలు. నగరానికీ వాగుకూ రెండింటికీ. రోడ్డు ఒకే చిత్తడి నేలను నిలువునా చీలుస్తున్నా, దారి ఎటు పోవాలన్న దానిమీదే ఊళ్లో తగాదా ఉన్నా, మొదటి రోజునే విడి అనుమతికి వెళ్లడం మంచిది. ఏది ఎంచుకున్నా దరఖాస్తుకు ముందు కోర్ కార్యాలయంలో ఒక సమావేశం అడగవచ్చు; అక్కడికి జెండాల గీత ఉన్న పటంతోపాటు కట్టతో ఒక డిజైనూ, వంతెనతో ఒక డిజైనూ, రెండూ తీసుకువెళ్లాలి.