టీఎల్072: కూడికలో బంగారం, ఇంటిగ్రేటర్‌లో తలనొప్పి

టీఎల్072 అంటే వోల్టేజీలను కూడడానికీ, పెంచడానికీ వాడే ఆప్ యాంప్ చిప్. ఏళ్ల తరబడి వాడుతున్నదే కాబట్టి పిన్నులూ సప్లై సంగతులూ వదిలేస్తున్నా. కూడికలో దీనికి వంక పెట్టలేం. మూడు ఇన్‌పుట్లకు తలా ఒక 10 కిలోఓమ్, ఫీడ్‌బ్యాక్‌కు ఇంకో 10 కిలోఓమ్ పెడితే చాలు, మొత్తం గుర్తు తిరగబడి బయటికొస్తుంది. రెసిస్టర్లు కలిసే చోటు ఎప్పుడూ సున్నా వోల్టుల దగ్గరే ఉంటుంది గనక ఒక ఇన్‌పుట్ ఇంకోదాన్ని కదపదు.

నా గొడవంతా ఇంటిగ్రేటర్‌తోనే, అంటే ఇన్‌పుట్ వోల్టేజీని కాలంతో పాటు పోగు చేసే సర్క్యూట్‌తో. ఇన్‌పుట్‌కి 100 కిలోఓమ్ రెసిస్టర్, ఫీడ్‌బ్యాక్‌లో 100 నానోఫారడ్ కెపాసిటర్, సప్లై ప్లస్ మైనస్ 12 వోల్టులు. ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కలిపి అవుట్‌పుట్ దగ్గర మీటర్ పెట్టండి. సున్నా చూపాల్సిన అంకె మెల్లగా పాకుతూ అర నిమిషం దాటేసరికి ఏదో ఒక సప్లై అంచుకి అతుక్కుపోతుంది. చిప్ పోయిందని మార్చితే కొత్తదీ అంతే, మహా అయితే రెండో అంచు వైపు పాకుతుంది. లోపలి ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ దగ్గర చిప్‌కి పుట్టుకతో ఉండే చిన్న వోల్టేజీ తప్పు) 3 మిల్లీవోల్టులైతే, ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధం) 10 మిల్లీసెకన్లు కాబట్టి, సెకనుకు 0.3 వోల్టు పేరుకుంటుంది. పోగు చేయమన్నాం, తన తప్పును కూడా కలిపి పోగు చేస్తోంది! ఎల్ఎం358 అనే ఇంకో ఆప్ యాంప్ అయితే మరీ ఘోరం: దాని ఇన్‌పుట్ పిన్ను దగ్గర పారే 45 నానోఆంపియర్ల బయాస్ కరెంటు ఒక్కటే అదే కెపాసిటర్‌ని సెకనుకు 0.45 వోల్టు జరుపుతుంది. 072లో ఆ కరెంటు పికోఆంపియర్లలోనే, ఆ బాధ లేదు.

కెపాసిటర్‌కి అడ్డంగా 1 మెగాఓమ్ వేస్తే పాకుడు 33 మిల్లీవోల్టుల దగ్గర ఆగుతుంది. కాకపోతే 1.6 హెర్ట్జ్ కింద అది ఇంటిగ్రేటర్ కాదు, పది రెట్ల మామూలు యాంప్లిఫయర్. 20 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇస్తే ట్రయాంగిల్ గీతలు కాస్త వంగే ఉంటాయి, 100 దాటాక తిన్నగా వస్తాయి. అంతకంటే నిదానమైన సిగ్నలైతే మెగాఓమ్ తీసేసి, 100 ఓమ్‌తో వరుసగా ఒక స్విచ్‌ని కెపాసిటర్‌కి అడ్డంగా పెట్టి, ప్రతి కొలతకు ముందూ ఖాళీ చేసుకోవాలి. కెపాసిటర్ ఫిల్మ్‌దే వాడండి. ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్ విలువ వోల్టేజీతో మారిపోతుంది.

అన్నట్టు, కూడికని పొగిడింది విలువలో 1 శాతం దాకా తేడా ఉండే రెసిస్టర్లు చూసి. తీసివేతకు అవి కూడా చాలవు: అందులోని నాలుగు రెసిస్టర్లలో ఆ తేడా ఎదురుబొదురు దిక్కుల్లో పడితే రెండు ఇన్‌పుట్లకూ ఉమ్మడిగా ఉన్న వోల్టేజీలో 50వ వంతు అవుట్‌పుట్‌లో మిగిలిపోతుంది.

నా సిగ్నళ్లన్నీ ఆడియో హద్దులోవే, అందుకే 072తోనే సాగిస్తున్నా. నిమిషాల తరబడి పోగు చేయాల్సినవాళ్లు మాత్రం జీరో డ్రిఫ్ట్ రకం (తన ఆఫ్‌సెట్‌ని తానే దిద్దుకునే) చిప్ చూసుకోవడం మేలు.