బయోఫిల్మ్ మందం పెంచాలా, వాహకత పెంచాలా: కరెంటుకు ఏది మేలు?

మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్స్ (బ్యాక్టీరియా ఎలక్ట్రోడ్‌కు అందించే ఎలక్ట్రాన్లతో కరెంటు తీసే సాధనాలు) మీద ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: షెవనెల్లా అనే బ్యాక్టీరియాలో బయోఫిల్మ్, అంటే ఎలక్ట్రోడ్‌కు అతుక్కున్న కణాల పొర, దట్టంగా పెరిగేలా జన్యువులు మార్చాలా, లేక జియోబ్యాక్టర్ అనే మరో బ్యాక్టీరియా బయోఫిల్మ్‌లోంచి కరెంటు ఇంకా బాగా పారేలా మార్చాలా?

మొదటి దారి తేలిక. కణంలో సైక్లిక్ డై జీఎంపీ అనే సంకేత అణువు పెరిగితే బ్యాక్టీరియా ఈదడం మానేసి ఉన్నచోటే అతుక్కుంటుంది, చుట్టూ జిగురు అల్లుకుంటుంది. ఆ అణువును తయారుచేసే ఎంజైమ్ జన్యువు వైడీఈహెచ్‌ను ఈ.కోలై నుంచి తెచ్చి షెవనెల్లాలో పెట్టారు. 2015లో వచ్చిన ఆ ఫలితంలో గరిష్ఠ పవర్ డెన్సిటీ (ఎలక్ట్రోడ్ విస్తీర్ణానికి వచ్చే పవర్) సుమారు 2.8 రెట్లయింది. పైగా షెవనెల్లా త్వరగా పెరుగుతుంది, గాలి తగిలినా భయం లేదు. కొత్తవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

అయినా నా మొగ్గు జియోబ్యాక్టర్ వైపే. కారణం పై పొర. ఎలక్ట్రోడ్‌ను తాకే కణానికి ఇబ్బంది లేదు, ఎలక్ట్రాన్లను నేరుగా అప్పగించేస్తుంది. దానికి ఇరవై, ముప్ఫై మైక్రాన్ల పైన ఉన్న కణం సంగతేంటి? షెవనెల్లా ఎక్కువగా ఫ్లేవిన్లను, అంటే ఎలక్ట్రాన్లను మోసే చిన్న అణువులను, నమ్ముకుంటుంది. అవి ఎలక్ట్రోడ్ దాకా వెళ్లి, ఎలక్ట్రాన్లను దింపి, మళ్లీ రావాలి. మందం పెరిగేకొద్దీ ఆ రాకపోకలకు టైమ్ పడుతుంది. జియోబ్యాక్టర్ పొర అలా కాదు. గ్రాఫైట్ మీద బాగా పెరిగాక ఎర్రగా కంటికే కనిపిస్తుంది. ఎలక్ట్రాన్లను చేరవేసే సైటోక్రోమ్ ప్రోటీన్లలో ఉండే, ఇనుమున్న హీమ్ భాగాల రంగు అది. ఎలక్ట్రాన్ ఒక హీమ్ నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ కిందికి దిగుతుంది. పిల్‌జెడ్ డొమైన్ (ప్రోటీన్‌లో ఒక భాగం) ఉన్న ప్రోటీన్‌కు చెందిన ఒకే ఒక్క జన్యువును తీసేస్తే ఈ పొర వాహకత సుమారు ఆరు రెట్లు పెరిగిందని 2013లో తేలింది. పిల్‌జెడ్ అంటే సాధారణంగా మొదటి దారిలో చెప్పిన ఆ సైక్లిక్ డై జీఎంపీనే పట్టుకునే భాగం! నాకు ఇందులో బాగా నచ్చింది అదే.

అలాగని వాహకతతో అన్నీ తీరవు. ఎలక్ట్రాన్లు కిందికి పోతే ప్రోటాన్లు పొరను దాటుకుని పైనున్న నీళ్లలోకి రావాలి. రాలేకపోతే అడుగున ఆమ్లం పేరుకుని కణాలు మందగిస్తాయి. ఆ ఆమ్లాన్ని అదుపు చేసే బఫర్ తక్కువ వేసి, బ్యాక్టీరియా స్ట్రెయిన్ బాగాలేదని అనుకోవద్దు.

సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియాలో కోరం సెన్సింగ్ (కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే పద్ధతి) మార్చి, ఎలక్ట్రాన్లను మోసే ఫెనజీన్లు పెంచే దారీ ఉంది. అది జబ్బు తెచ్చే జీవి కాబట్టి మొదటి ప్రాజెక్టుకు నేను చెప్పను.

ఆక్సిజన్ లేకుండా పెంచే ఏర్పాటు లేకపోయినా, గడువు మూడు నెలలే ఉన్నా షెవనెల్లానే తీసుకోండి. కానీ వైడీఈహెచ్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచకండి. ఇండ్యూసర్ (జన్యువును ఆన్ చేసే రసాయనం) మోతాదుతో పెంచి తగ్గించగల ప్రమోటర్ (జన్యువుకు స్విచ్‌లాంటి డీఎన్ఏ భాగం) కింద పెట్టి, ఏ మందం దగ్గర కరెంటు పెరగడం ఆగిపోతుందో కొలవండి.