మూడు ఊళ్లు, మూడు కరెంటు బిల్లులు: ఆర్‌వీ పార్కుల్లో మేమున్న నెలలు

మావారు ఉద్యోగ విరమణ చేశాక డాలస్‌లోని ఇంటిని అద్దెకిచ్చి, బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, 28 అడుగుల ట్రెయిలర్‌తో బయలుదేరాం. జనవరి, ఫిబ్రవరి నెలలు టెక్సస్ దక్షిణపు కొసన రియో గ్రాండ్ లోయలో ఉన్న మిషన్‌లోనూ, మే, జూన్ అరిజోనాలోని మేసాలోనూ, జూలై, ఆగస్టు అదే రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లోనూ గడిపాం. ఇలాంటి చక్రాల ఇళ్లను అద్దె స్థలంలో నిలుపుకునే ఆర్‌వీ పార్కులో ఒక రోజుకో వారానికో దిగితే కరెంటు సాధారణంగా అద్దెలోనే కలిసి ఉంటుంది. నెల లెక్కన దిగితే మాత్రం చాలా చోట్ల మీటరు చూసి విడిగా వసూలు చేస్తారు. మన ఊళ్లలో లాగా వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారడం మేమున్న పార్కుల్లో లేదు. ఎన్ని యూనిట్లు కాల్చినా రేటు ఒక్కటే. అందువల్ల బిల్లును తేల్చేది ఆ ఊరి ఎండ, చలి మాత్రమే.

మిషన్‌లో చలికాలం హాయిగా ఉంటుంది. ఉత్తరాది మంచు నుంచి తప్పించుకుని వచ్చే పెద్దవాళ్లతో పార్కు నిండిపోయింది. పగలు కిటికీలు తెరిస్తే చాలు, ఏసీ గానీ హీటర్ గానీ అక్కర్లేదు. యూనిట్‌కు 14 సెంట్ల చొప్పున జనవరిలో 310 యూనిట్లకు 43 డాలర్ల 40 సెంట్లు కట్టాం. ఫిబ్రవరిలో ఉత్తరపు గాలి వీచిన వారం మాత్రం లెక్క తప్పింది. 1,500 వాట్ల చిన్న హీటర్ రాత్రీ పగలూ ఆపకుండా నడిస్తే రోజుకు 36 యూనిట్లు, అంటే అక్కడి రేటు ప్రకారం అయిదు డాలర్లకు పైమాటే.

ట్రెయిలర్‌లో ప్రొపేన్ గ్యాస్‌తో లోపలి గాలిని వేడిచేసే ఫర్నేస్ కూడా ఉంటుంది కాబట్టి ఏది చవకో లెక్క వేసి చూశాం. గ్యాలన్ ప్రొపేన్‌లో దాదాపు 27 యూనిట్ల వేడి ఉన్నా, ఫర్నేస్ పొగగొట్టం గుండా పోయేది పోగా మనకు దక్కేది సుమారు 20 యూనిట్లు. మేము గ్యాలన్‌కు మూడున్నర డాలర్లు పెట్టాం. అదే వేడి కరెంటు హీటర్‌తో రెండు డాలర్ల 80 సెంట్లకే వస్తుంది. కనుక మిషన్‌లో హీటరే మేలు. అయితే నీళ్లు గడ్డకట్టే రాత్రుల్లో ఈ లెక్క పక్కన పెట్టాలి. మా ట్రెయిలర్‌లో నేలకింది పైపులకు వెచ్చదనం ఫర్నేస్ గొట్టాల నుంచే అందుతుంది. గదిలో పెట్టిన హీటర్ వాటిని కాపాడలేదు.

మేసాలో సమస్య పూర్తిగా వేరు. జూన్‌లో ఎండ 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది, పైకప్పు మీది ఏసీ అర్ధరాత్రి దాకా ఆగలేదు. ఆ నెల 900 యూనిట్లు, 16 సెంట్ల చొప్పున 144 డాలర్లు. డబ్బు కంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది 30 ఆంప్ కనెక్షన్. 120 వోల్టుల దగ్గర దాని పరిమితి 3,600 వాట్లు. ఏసీకి 1,500, నీళ్ల హీటర్‌కు 1,400, రైస్ కుక్కర్‌కు 700 కలిపితే సరిగ్గా అక్కడికే వస్తుంది. ఒక సాయంత్రం వీటన్నిటితో పాటు దోసెల పిండికి వెట్ గ్రైండర్ వేశాను. అయిదు నిమిషాలకు బయటి పెట్టెలో బ్రేకర్ పడిపోయి, సగం నలిగిన మినప్పప్పు గ్రైండర్‌లోనే ఉండిపోయింది. ఆనాటి నుంచి వంట వేళ నీళ్ల హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చేవాళ్లం. ఎండ ఊళ్లో నెలలు ఉండదలచినవారు, ట్రెయిలర్‌కు ఆ వీలుంటే, 50 ఆంప్ స్థలమే అడగాలని నా అభిప్రాయం.

మేమున్న పార్కుల్లో ఒకచోట మొదటి బిల్లులో 212 యూనిట్లు అదనంగా కనిపించాయి. మాకు ముందున్నవారు ఖాళీ చేసిన రోజున రీడింగు రాసుకోలేదట. దిగిన సాయంత్రమే టార్చి వెలుగులో మీటరు అద్దం మీది దుమ్ము తుడిచి, అయిదు అంకెలూ స్థలం నంబరూ కనిపించేలా ఫోనులో ఫొటో తీసి ఉంచాను. అది చూపించగానే ఆఫీసులో మారుమాట లేకుండా తగ్గించారు. ఆ ఫొటో లేకపోతే నా మాటకు ఆధారమే లేదు. యూనిట్ రేటు ఎంత, రీడింగు ఏ తేదీన తీస్తారు, అందుకు విడిగా రుసుము ఉందా అన్నవి అడ్వాన్సు కట్టకముందే అడిగి, ఒప్పందంలో రాయించుకోవడం అవసరం.

ఫ్లాగ్‌స్టాఫ్ సముద్రమట్టానికి సుమారు 6,900 అడుగుల ఎత్తున పైన్ అడవుల మధ్య ఉంది. జూలై రాత్రుల్లో దుప్పటి కావాల్సి వచ్చింది, ఏసీ వేసింది నాలుగు మధ్యాహ్నాలే. 240 యూనిట్లు, 18 సెంట్ల చొప్పున 43 డాలర్ల 20 సెంట్లు. కానీ అక్కడ వేసవే రద్దీ కాలం కనుక అద్దె 1,000 డాలర్లు. మేసాలో చలికాలపు అతిథులు వెళ్లిపోయాక అద్దె 550కి దిగింది. అంటే అంత కరెంటు కాల్చినా మేసా 694 డాలర్లతో తేలింది, ఫ్లాగ్‌స్టాఫ్ 1,043 దాటింది. ఈ 349 డాలర్ల తేడాకు మాకు దక్కింది పొద్దున్నే చెట్లకింద కూర్చుని కాఫీ తాగగల చల్లదనం, మావారికి ప్రతి సాయంత్రం గంట నడక. మేసాలో ఆయన నెలంతా తలుపు దాటలేదు. వచ్చే జనవరికి మిషన్‌లో అదే స్థలానికి అడ్వాన్సు కట్టాం. జూన్‌కు కూడా ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే అడిగి చూస్తున్నాం.