పీఎంపీ కోచింగ్: ఇంటి స్లాబు పాఠం బాగుంది, మాక్ టెస్టులు బాగాలేవు

అమీర్‌పేటలో నాలుగు వారాంతాలు కూర్చుని పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ అనే సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్) కోచింగ్ పూర్తి చేశాను. పరీక్షకు అప్లై చేయడానికి కావాల్సిన 35 గంటల శిక్షణ సర్టిఫికెట్ చేతికొచ్చింది. చేరొచ్చా అని ఆఫీసులో చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

మా టీమ్ అజైల్ పద్ధతిలో, అంటే రెండు వారాల విడతల్లో (స్ప్రింట్లలో) కొంత కొంత చేసి చూపిస్తూ, అవసరమైతే మార్చుకుంటూ పని చేస్తుంది, క్లయింట్‌తో ఒప్పందం మాత్రం ఫిక్స్‌డ్ బిడ్, ఫలానా తేదీకి ఫలానాది ఇస్తేనే డబ్బు. ఈ రెండింటి మధ్య రెండేళ్లుగా నలిగిపోతున్నాను, ఆ టెన్షన్‌కి ఏదైనా దారి దొరుకుతుందేమోననే చేరాను.

దొరికింది. రెండో శనివారం సార్ బోర్డు మీద ఇల్లు గీశారు. సెంట్రింగ్ కొట్టి స్లాబు పోశాక మనసు మార్చుకుంటే కుదరదు, అందుకే ముందే డ్రాయింగు, ఎస్టిమేటు, ఇంజినీరు సంతకం. వంటింటి కప్‌బోర్డులైతే ఒక వైపు బిగించి, రోజూ వంట చేసే మనిషిని నిలబెట్టి చెయ్యి అందుతోందో లేదో చూసుకుని, రెండో వైపు కొలత మార్చుకోవచ్చు. "ఒకే ఇంట్లో రెండు పద్ధతులూ ఉన్నాయి కదా, ఒకే ప్రాజెక్టులో ఎందుకు ఉండకూడదు?" అన్నారు. తర్వాత నా ప్రాజెక్టునే తీసుకుని, పనులన్నీ పసుపు చీటీల మీద రాయించి, ఏది ఆలస్యంగా మారిస్తే ఎక్కువ నష్టమో అడుగుతూ రెండు గుంపులు చేయించారు. డేటా మైగ్రేషన్, పేమెంట్ గేట్‌వే ఒక పక్కకి, రిపోర్టుల స్క్రీన్లు ఇంకో పక్కకి వెళ్లాయి. సోమవారం అదే విభజన మా మేనేజర్‌కి చూపించాను, ఇప్పుడు మొదటి గుంపులో మార్పు కావాలంటే చేంజ్ రిక్వెస్ట్ (రాసిచ్చి ఆమోదం తీసుకోవడం), రెండో గుంపుకి బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) రాసుకుంటే చాలు.

అజైల్ అంటే డాక్యుమెంట్లు అక్కర్లేదన్న అపోహ కూడా ఇక్కడే వదిలింది. అజైల్‌కి మూలమైన 2001 నాటి మానిఫెస్టోలో డాక్యుమెంట్లకు విలువ లేదని లేదు, పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి అంతకన్నా ఎక్కువ విలువ ఇస్తామని ఉంది. అటు పీఎంఐ వాళ్లూ ఒక్క చోటే ఆగలేదు: 2017లో పీఎంబాక్ అనే తమ ప్రామాణిక పుస్తకం ఆరో ఎడిషన్‌తో పాటు అజైల్ అలయన్స్ అనే సంస్థతో కలిసి ఒక అజైల్ గైడ్ తెచ్చారు, 2021లో ఏడో ఎడిషన్‌కి వచ్చేసరికి 49 ప్రాసెస్‌లను (ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లతో రాసిన పని దశలను) మధ్యలోంచి తప్పించి 12 సూత్రాలను ముందుకు తెచ్చారు.

స్క్రమ్‌ని (స్ప్రింట్లతో నడిచే అజైల్ విధానాన్ని) గంటలో ముగించేశారు, పర్లేదు, స్క్రమ్ గైడ్ చిన్నది, ఉచితం, ఇంట్లో చదువుకోవచ్చు.

నాకు నిజంగా కోపం తెప్పించింది మాక్ టెస్టులు. 2021 జనవరిలో పరీక్ష 180 ప్రశ్నలు, 230 నిమిషాలకు మారింది, దాదాపు సగం అజైల్ నుంచీ, రెండు పద్ధతులూ కలిపిన హైబ్రిడ్ నుంచీ వచ్చేలా చేశారు. వీళ్లిచ్చినవి పాత 200 ప్రశ్నల పేపర్లు, ఏ ప్రాసెస్‌కి ఏది ఇన్‌పుట్, ఏది అవుట్‌పుట్ అని బట్టీ పట్టించే రకం. క్లాసులో అంత చక్కగా చెప్పి పరీక్ష దగ్గర ఇలా చేయడం అన్యాయం. అడిగితే కొత్తవి పంపిస్తామన్నారు, ఇంతవరకూ రాలేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. పని అర్థం కావాలనుకునేవాళ్లు చేరండి, కానీ ఫీజు కట్టేముందు ఒక మాక్ పేపర్ తెరిచి చూపించమనండి. అందులో 200 ప్రశ్నలుంటే ప్రాక్టీసు బయట చూసుకోండి.