పిల్లికూనలకు పైరాంటెల్ సిరప్: మందు మంచిదే, మూతతోనే తంటా

పైరాంటెల్ పామోయేట్ అనే నులిపురుగుల సిరప్‌ను మా నాలుగు కూనల్లో ఒక్కటీ ఉమ్మేయలేదు. మాత్ర నూరి పోస్తే నురగలు కక్కే జాతి ఇది! ఈ మందు రక్తంలోకి పెద్దగా ఎక్కదు. పేగుల్లో ఉన్న ఏలికపాములకు పక్షవాతం తెప్పిస్తుంది. అవి పట్టు వదిలి మలంతో వచ్చేస్తాయి. మర్నాడు ఇసుక ట్రేలో ఉడికిన సేమియాలా కనిపించాయి. ఆ వారం మా ఇంట్లో పాయసం మాట ఎవరూ ఎత్తలేదు.

నా ఫిర్యాదంతా సీసాతో ఇచ్చే కొలత మూత మీదే. అది మనుషుల పిల్లల కోసం చేసింది. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములుండే ఈ సిరప్ 5 మిల్లీలీటర్ల మూత నిండా పోస్తే 250 మిల్లీగ్రాములు. మా బక్కకూన బరువేమో 600 గ్రాములు. పశువైద్యురాలు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున రాశారు కాబట్టి దాని వంతు 6 మిల్లీగ్రాములు, అంటే 0.12 మిల్లీలీటరు. మూతతో అది కొలవగలిగినవాళ్లకు నా నమస్కారం. 1 మిల్లీలీటరు సిరంజి కొని, సూది తీసి పారేయండి. కూనను గిన్నెలో కూర్చోబెట్టి వంటింటి కాటా మీద తూచండి, పోసే ప్రతిసారీ తూచండి. సీసాను గట్టిగా కుదపండి. మందు అడుగున పేరుకుంటుంది. సిరంజి మొనను బుగ్గ పక్కనుంచి పెట్టి కొద్దికొద్దిగా పోయాలి. తల వెనక్కి వంచితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందుల షాపులో ఈ సిరప్ అడిగితే ఆల్బెండజోల్ చేతిలో పెట్టారు, ‘రెండూ నులిపురుగులకే కదండీ’ అంటూ. పిల్లుల్లో అది ఎముక మూలుగను దెబ్బతీయగలదు. తిరిగిచ్చేశాను.

ఏలికపాముల లార్వాలు తల్లిపాలతోనే కూనల్లోకి వస్తాయి. అందుకే మూడు వారాల వయసు నుంచే, రెండు వారాలకోసారి పోయమన్నారు. తల్లికీ మందు వేయించారు. ఒక్కసారి పోసి చేతులు దులుపుకుంటే లాభం లేదు, ఒంట్లో తిరుగుతున్న లార్వాలను ఇది తాకదు.

బద్దెపురుగులకూ ఇది పనిచేయదు. తోక కింద తెల్లటి ముక్కలు కదులుతూ కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ అడగండి. బొచ్చులో గెంతే పురుగులనూ వదిలించాలి. నాక్కుంటూ వాటిని మింగితే బద్దెపురుగులు మళ్లీ వస్తాయి. అందుకని కుక్కలకు అమ్మే పెర్మెత్రిన్ మందు మాత్రం రాయకండి, పిల్లి ప్రాణం తీస్తుంది.