ఇంజిన్ ఆపిన యాభై నిమిషాలు: కొమోడో దీవుల్లో పినిసి ఓడ మీద మూడు రాత్రులు

మావారి షష్టిపూర్తి అయ్యాక పిల్లలు అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామన్నారు. మాల్దీవులన్నారు, దుబాయ్ అన్నారు. నాకు మాత్రం ఒక్కటే కోరిక, తెరచాప ఓడ ఎక్కాలి. మాది తాళ్లరేవు. మా తాతయ్య రంగూన్ వెళ్ళే కొయ్య ఓడల్లో కళాసీగా పనిచేశాడు. నాన్నగారు ఆ కబుర్లు చెబుతుంటే విని పెరిగాను. పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టడానికి పెట్టింది పేరు. 1839 తుపానుకి ఆ రేవు ఊడ్చుకుపోయింది గానీ, బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవాళ్ళు. నేను పెళ్ళై చెన్నై వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. మెరీనాలో ఎంతసేపు నిలబడినా దూరంగా కంటైనర్ ఓడలే తప్ప తెరచాప కనిపించదు.

అబ్బాయి వెతికి వెతికి ఇండోనేషియాలో పినిసి అనే ఓడలు సిబ్బందితో సహా అద్దెకిస్తారని చెప్పాడు. రెండు కొయ్యలు, ఏడు తెరచాపలు ఉండే పెద్ద చెక్క ఓడ ఇది. దక్షిణ సులవేసిలోని బులుకుంబ జిల్లాలో, సముద్రపు ఒడ్డున ఇసుకలోనే కడతారు. ఈ ఓడ కట్టే విద్యని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు సరుకులు మోసిన ఓడలు ఇప్పుడు గదులు, ఏసీలు, స్నానాల గదులు పెట్టుకుని యాత్రికులని తిప్పుతున్నాయి. ఎక్కువగా తిరిగేది కొమోడో జాతీయ పార్కు దీవుల చుట్టూ.

గత ఆగస్టులో వెళ్ళాం. మొత్తం ఎనిమిది మందిమి: మేమిద్దరం, డెబ్భై ఆరేళ్ళ మా అత్తయ్యగారు, అబ్బాయి, కోడలు, బెంగళూరు నుంచి మా తమ్ముడు, మరదలు, వాళ్ళ పద్నాలుగేళ్ళ పాప. తమ్ముడు వాళ్ళకి బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం దొరికింది. మేం చెన్నై నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్ళాం. బాలి నుంచి ఫ్లోరెస్ దీవిలోని లబువాన్ బాజోకి ఇంకో చిన్న విమానం. ఓడ ఎక్కేది అక్కడే.

ఖర్చు ముందే చెప్పేస్తాను. నాలుగు గదుల ఓడ, తొమ్మిది మంది సిబ్బంది, మూడు రాత్రులు, భోజనాలతో కలిపి 12 కోట్ల రుపియా. కోట్లు అనగానే అత్తయ్యగారు కంగారు పడ్డారు. మన డబ్బులో దాదాపు 6 లక్షల 40 వేలు, అంటే తలకి 80 వేలు. విమానం టికెట్లు, మనిషికి 5 లక్షల రుపియా వీసా, బాలిలో కట్టే లక్షన్నర రుపియా పర్యాటక రుసుము, పార్కు ప్రవేశ రుసుము, రేంజర్ల రుసుము, సిబ్బందికి టిప్పు, ఇవన్నీ వేరే. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చెన్నైలోని ఒక ఏజెంటు ద్వారా బుక్ చేశాం. ఆయన పంపిన ఫొటోలన్నిటిలో ఏడు తెరచాపలూ గాలికి ఉబ్బి ఉన్నాయి. కాగితం మీద ‘సెయిలింగ్ హాలిడే’ అనే ఉంది. నేను అది నమ్మాను.

మొదటి రోజు పొద్దున రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరాం. అలలు ఎక్కువగా ఉన్నాయని రేవు అధికారి అనుమతి చీటీ ఇవ్వలేదు. మావారు విసుక్కున్నారు గానీ నాకైతే అది ధైర్యాన్నే ఇచ్చింది. ఆ చీటీ లేకుండా కదలని కెప్టెనే మనకి కావాలి. బయలుదేరే ముందు ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు తనే లాగి చూశాడు. రేడియో ఎక్కడుంది, మంటలార్పే సిలిండర్లు ఎక్కడున్నాయి, అన్నీ చూపించాడు.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ అయ్యింది. సాయంత్రం వరకూ ఆగలేదు.

కేలోర్ దీవి దగ్గర ఈతకి ఆగాం, రింకా దీవిలో కొమోడో డ్రాగన్లనే రాక్షస ఉడుముల్ని చూశాం, మళ్ళీ ఇంజిన్. తెరచాపలు చుట్టిపెట్టి, తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. పైకి చూస్తూ కూర్చున్నాను. కాఫీ ఇచ్చిన కుర్రాడిని ‘తెరచాపలు ఎప్పుడెత్తుతారు?’ అని సైగలతో అడిగితే, అతను డ్రోన్ బొమ్మ చూపించాడు. అంటే ఫొటో తీసేటప్పుడు పది నిమిషాలు ఎత్తుతారట. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అరవై ఏళ్ళకి దగ్గరపడి, ఇంత డబ్బు పోసి, డీజిల్ వాసన పీల్చడానికా ఇంత దూరం వచ్చింది?

ఆ సాయంత్రం కలోంగ్ దీవి దగ్గర లంగరు వేశారు. అది మడ అడవుల దీవి, అచ్చం మా కోరంగి మడ అడవిలాగే ఉంది. సూర్యాస్తమయం అవుతుండగా ఆ చెట్ల లోంచి వేల కొద్దీ పెద్ద గబ్బిలాలు లేచి, ఫ్లోరెస్ వైపు పళ్ళ కోసం బారులు తీరి వెళ్ళాయి. అందరూ అది చూస్తుండగా నేను కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకి కాస్త ఇంగ్లిషు వచ్చు. మా తాతయ్య సంగతి చెప్పాను. ఓడని వాళ్ళ భాషలో ‘కపాల్’ అంటారు. చెన్నైలో ‘కప్పల్’ అంటారని చెప్పగానే ఆయన నవ్వి, కూర్చోమని స్టూలు జరిపాడు. మహాసముద్రాన్ని వాళ్ళు ‘సముద్ర’ అంటారట.

ఆయనది బులుకుంబలోని బీరా ఊరు. ఈ ఓడ ఆ పక్కనే తానాబేరు ఒడ్డున కట్టారు. నాన్నగారికి వీడియో కాల్ చేస్తే, ఒకటి రెండు చోట్ల తప్ప సిగ్నల్ దొరకని ఆ నీళ్ళలో, అదృష్టం కొద్దీ కలిసింది. నాన్నగారు అడిగిన మొదటి మాట, ‘పలకలకి ఇనప మేకులా, కొయ్య మేకులా?’ కెప్టెన్ టార్చి తెచ్చి ఓడ లోపలి పక్కన కొయ్య మేకులు బిగించిన వరసలు చూపించాడు. ఉలిన్ అనే ఇనుములాంటి కర్ర అది. సంప్రదాయంగా కట్టేవాళ్ళు కాగితం మీద ప్లాను గీసుకోరట. ముందు పలకలు ఒకదానికొకటి అతికించి ఓడ పొట్టని తయారుచేస్తారు, లోపలి వంపు కొయ్యలు ఆ తర్వాతే పెడతారు. ఆ పొట్ట ఆకారమంతా పెద్ద మేస్త్రీ కంటి కొలతలోనే ఉంటుంది. నాన్నగారు పావుగంట మాట్లాడారు, నేను మధ్యలో ఇంగ్లిషులో చెబుతూ వచ్చాను. చివర్లో కెప్టెనే అన్నాడు, ‘ఇబు, మూడో రోజు గాలి మనకి అనుకూలంగా ఉంటుంది. అప్పుడు ఎత్తుతాను.’ ఇబు అంటే అమ్మ.

రెండో రోజు గురించి ఎక్కువ రాయను, ఫొటోలు అందరూ చూసే ఉంటారు. తెల్లవారకముందే పదార్ దీవి మెట్లెక్కితే మూడు తీరాలు ఒకేసారి కనిపిస్తాయి. ఆగస్టులో గడ్డి ఎండిపోయి కొండలన్నీ గోధుమరంగులో ఉంటాయి, పచ్చదనం కోరేవాళ్ళకి నచ్చకపోవచ్చు. గులాబీ తీరంలో ఇసుక నిజంగానే లేత గులాబీ రంగు. ఎర్ర పెంకులుండే అతి చిన్న సముద్ర జీవుల ముక్కలు కలవడం వల్ల ఆ రంగు. కొమోడో దీవిలో రేంజరు చివర చీలిన పొడుగాటి కర్ర పట్టుకుని ముందు నడుస్తాడు, అతని మాట దాటకూడదు. ఆడవాళ్ళు నెలసరిలో ఉంటే బయలుదేరేముందే అతనికి చెప్పాలి. రక్తం వాసనకి ఆ జంతువులు వస్తాయి కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తిండి గురించి మాత్రం వివరంగా చెప్పాలి. అత్తయ్యగారు, మరదలు పూర్తి శాకాహారులు. ఏజెంటుకి రెండుసార్లు రాసి పంపాం, ఆయన ఓడకి చెప్పనే లేదు. మొదటి మధ్యాహ్నం కూరగాయల వేపుడు, టోఫు పెట్టారు, చూడ్డానికి శాకాహారమే. నోట్లో పెట్టగానే మరదలికి వాసన తేడాగా అనిపించింది. అడిగితే సాంబల్ అనే మిరప పచ్చడిలో తెరాసి ఉందన్నారు. తెరాసి అంటే ఎండు రొయ్యల ముద్ద. అక్కడ చాలా పచ్చళ్ళలో, వేపుళ్ళలో అది ఉంటుంది. వంటాయన తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. విషయం తెలిశాక ఒక బాణలి, ఒక గరిటె, ఒక రోలు విడిగా పెట్టేశాడు. మేం తీసుకెళ్ళిన కందిపొడి, గోంగూర పచ్చడి వాసన చూసి తనూ అన్నంలో కలుపుకున్నాడు. ఆ తర్వాత టెంపే (పులియబెట్టిన సోయా గింజల దిమ్మ) వేపి, వేరుశనగ సాసుతో కూరగాయలు పెట్టి, వాళ్ళిద్దరి పళ్ళేలూ తనే స్వయంగా తెచ్చిచ్చేవాడు. మీరు వెళ్తే ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. తెరాసి వద్దు, చేపల సాసు వద్దు, గుడ్డు తింటారో తినరో, ఇవి విడివిడిగా రాసి నేరుగా ఓడవాళ్ళకే పంపండి.

మూడో రోజు. పొద్దున మాంటా చేపలున్న చోట దిగాం. అక్కడ ప్రవాహం ఎంత బలమో నీళ్ళలోకి దిగితే గానీ తెలియదు. రెండు మహాసముద్రాల నీళ్ళు ఈ దీవుల సందుల్లోంచి అటూ ఇటూ పోతుంటాయి. కెప్టెన్ పోటు సమయం చూసుకుని, ఇప్పుడు దిగండి, ఇక ఎక్కండి అని చెప్పాడు. ఈత బాగా వచ్చిన మా అబ్బాయిని కూడా మనిషి తోడు లేకుండా దిగనివ్వలేదు.

మధ్యాహ్నం కనావా దీవి వైపు తిరిగాక, ఆగ్నేయం గాలి కుడి పక్క నుంచి స్థిరంగా వీస్తోంది. కెప్టెన్ పొగలు కక్కుతున్న టీ కప్పు పక్కన పెట్టి లేచి ఏదో అరిచాడు. ఐదుగురు కళాసీలు చెప్పులు విప్పి పరిగెత్తారు. నేను ఎప్పుడూ తెరచాప కింద నుంచి పైకి ఎక్కుతుందనే అనుకున్నాను. పినిసిలో పైనున్న వాలు కొయ్య కదలకుండా ఉంటుంది, పెద్ద తెరచాపని దాని వెంట పక్కకి లాగుతారు, మన గుమ్మానికి పరదా లాగినట్టు. ముందువైపు మూడు ముక్కోణపు చాపలు విడిగా లేచాయి. మా తమ్ముడి కూతురు కూడా మోకు పట్టుకుంది, దాని అరచేతులు ఎర్రగా కందిపోయాయి, వదలమన్నా వదల్లేదు.

అప్పుడు ఇంజిన్ ఆపారు.

మూడు రోజులుగా కాళ్ళ కింద ఉన్న అదురు ఒక్కసారిగా పోయింది. ముందు నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత మోకులు బిగుసుకుంటున్న మోత, పలకల సందుల్లోంచి సన్నగా కిర్రు కిర్రుమనే శబ్దం. ఓడ కాస్త ఎడమకి ఒరిగి, అలాగే నిలకడగా సాగింది. అత్తయ్యగారు విష్ణు సహస్రనామం చదువుతున్నవారల్లా ఆపి తలెత్తి చూశారు. మావారు నా పక్కనొచ్చి కూర్చున్నారు, ఏమీ మాట్లాడలేదు. ఇంజిన్ మీద వెళ్ళిన దానికంటే నెమ్మదిగానే వెళ్తున్నాం గానీ, ఎవరికీ తొందర అనిపించలేదు. కెప్టెన్ నన్ను పిలిచి చుక్కాని చక్రం మీద చెయ్యి వేయించాడు. చక్రం నా అరచేతిని నెమ్మదిగా నెడుతూనే ఉంది. తాతయ్య చేతులు ఎలా ఉండేవో నాకు గుర్తులేదు. ఆ కొయ్య వెచ్చదనం మాత్రం బాగా గుర్తుంది.

యాభై నిమిషాలు. తర్వాత దీవి చాటుకి వచ్చేసరికి గాలి పడిపోయింది, మళ్ళీ ఇంజిన్ వేశారు.

బాగోలేనివి కూడా చెప్పాలి. కింద గదులకి దిగే మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులని పైన డెక్ మీద ఉన్న పెద్ద గదిని మేం వదులుకుని ఆవిడకి ఇచ్చాం. ఓడ నుంచి చిన్న మోటారు పడవలోకి, అక్కడి నుంచి ఒడ్డుకి దిగడం రోజుకి మూడు నాలుగు సార్లు ఉంటుంది. కళాసీలు రెండు చేతులూ పట్టుకుని దింపినా, ఆవిడ రెండో రోజు ఓడలోనే ఉండిపోయారు. రాత్రుళ్ళు ఏసీ కోసం జనరేటర్ నడుస్తూనే ఉంటుంది, నిద్ర పలచగా పట్టేవాళ్ళకి కష్టం. మా తమ్ముడు రెండు రాత్రులు డెక్ మీదే పరుపు వేయించుకుని పడుకున్నాడు, తర్వాత అందరికన్నా హాయిగా నిద్రపోయింది వాడే. స్నానాల గదిలో నీళ్ళు సన్నగా వస్తాయి. ట్యాంకులో నింపుకున్న మంచినీళ్ళు కదా, పొదుపుగా వాడుకోవాలి.

విలాసం అంటే హోటల్ లాంటి గది అనుకునేవాళ్ళు ఇదే డబ్బుతో బాలిలో మంచి విల్లా తీసుకోవచ్చు. ఈ ఓడలో నేను విలాసం అనుకున్నది ఆ తొమ్మిది మంది పనితనం. ఏ దీవి వెనక గాలి ఉండదో, ఏ సందులో ఏ వేళకి నీళ్ళు తిరగబడతాయో వాళ్ళకి తెలుసు. టిప్పు కెప్టెన్ చేతికి కవరులో ఇచ్చాం, ఆయన మా ముందే అందరినీ పిలిచి పంచాడు.

ఏజెంటుతో తిరిగొచ్చాక మాట్లాడాను. ఫొటోలో ఏడు తెరచాపలు చూపించి మూడు రోజులు ఇంజిన్ మీద తిప్పడం మోసం కాదా అని అడిగాను. శాకాహారం సంగతి చెప్పనందుకు తప్పు ఒప్పుకుని 25 వేలు తిరిగిచ్చాడు. తెరచాపల గురించి మాత్రం ‘అవి అంతేనమ్మా, అందరూ ఫొటోల కోసమే వస్తారు’ అన్నాడు. అందరూ అలా రారు. మేం అలా వెళ్ళలేదు.

వచ్చే జులైకి మళ్ళీ అదే ఓడని, ఈసారి నేరుగా ఓడ యజమానితోనే మాట్లాడి బుక్ చేశాం. మొదటి వాయిదా కట్టేముందు ఒప్పందంలో ఒక వాక్యం రాయించాను: గాలి, అలలు కెప్టెన్‌కి సురక్షితమనిపించిన ప్రతి రోజూ, కనీసం రెండు గంటలు ఇంజిన్ ఆపి తెరచాపల మీద నడపాలి. నాన్నగారికి ఎనభై రెండేళ్ళు. పాస్‌పోర్టు కోసం పోయిన వారం అప్లై చేశాం, పైన డెక్ మీది గది ఆయన పేరు మీద ఉంది.