డాబా పిట్టగోడకు గ్రానైట్ బిళ్లలు, అక్రిలిక్ కోటింగ్: ఏళ్ల తర్వాత ఎలా ఉన్నాయంటే

మాది విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇల్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక తూర్పు గోడకు పట్టిన చెమ్మ మరి వదల్లేదు. బయట నాచు. లోపల పడగ్గదిలో స్లాబు కింద మూరెడు మేర పుట్టీ ఉబ్బి పెచ్చులుగా రాలేది, గోరుతో గీకితే తెల్లటి ఉప్పు పొడి వచ్చేది. బయట ఎంత మంచి రంగు వేయించినా ఒక వానాకాలం దాటితే మళ్లీ మొదటికే వచ్చేది.

గోడ ముఖాన పడే వాన కంటే పైనుంచి దిగే నీటితోనే ఎక్కువ నష్టం. మా పిట్టగోడ నెత్తిన ప్లాస్టరింగ్ నెర్రెలు విచ్చింది, ఒకచోట రావి మొక్క కూడా మొలిచింది. స్లాబూ పిట్టగోడా కలిసే అతుకు పొడుగునా సన్నటి బీట ఉంది. ఎండకు స్లాబు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఇటుక గోడ దానితో సమానంగా కదలదు కాబట్టి ఆ అతుకు దగ్గరే విడిపోతుంది. అక్కడ దిగిన నీరు ఇటుకల్లోంచి జారి కింద గదిలో తేలుతుంది.

పని వేసవిలో చేయించాం. గుల్లబారిన ప్లాస్టరింగ్ కొట్టేసి, అతుకు దగ్గర బీటను తవ్వి పూడ్చి, ఆ మూల పొడుగునా మాలుతో గుండ్రంగా వంపు తిప్పారు. మాలు బాగా ఆరాక ఫైబర్ మెష్ (వల లాంటి గుడ్డ) పరిచి, నీరు దిగకుండా ఆపే అక్రిలిక్ కోటింగ్ వేశారు. దాన్ని డాబా నేల దగ్గరే ఆపకుండా పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా లాగారు. నీళ్లు పైపు వైపు పోయేలా వాటం కూడా సరిచేశారు: పది అడుగులకు అంగుళంన్నర. ఆ తర్వాత ఎక్కడైనా కిందికి దిగుతుందేమోనని రెండు రోజులు డాబా మీద నీళ్లు నిలబెట్టి చూశాం.

అన్నిటికంటే నాకు నచ్చింది పిట్టగోడ మీద వేసిన గ్రానైట్ బిళ్లలు. గోడ దాటి రెండంగుళాలు బయటికి వచ్చేలా, కాస్త డాబా వైపు వాలుగా పెట్టించాం. బయటికి వచ్చిన భాగం అడుగున, అంచు పొడుగునా సన్నటి గాడి కోయించాలి. ఇది మాత్రం పట్టుబట్టి చేయించుకోండి. గాడి లేకపోతే నీరు రాతి అడుగున పాకుతూ గోడ దాకా వచ్చేస్తుంది. గాడి ఉంటే అక్కడికి రాగానే చుక్క కట్టి కింద పడుతుంది. వాన పడుతున్నప్పుడు కిటికీలోంచి తల ఎత్తి చూస్తే ఆ చుక్కల వరుస స్పష్టంగా కనిపిస్తుంది. బిళ్లల మధ్య సందుల్లో పెట్టిన సీలెంట్ మాత్రం ఎండకు గట్టిపడి ఊడింది, మళ్లీ పెట్టించాల్సి వచ్చింది.

కోటింగ్ సంగతికొస్తే, పిట్టగోడ మీద ఇప్పటికీ బాగుంది. నేల మీద అంత బాగా లేదు. బట్టలు ఆరేసే దారిలో, ట్యాంకు పక్కన అరిగి పలచబడింది, నీడగా ఉండే మూలలో బుడగలు లేచాయి. అక్కడ అడుగున తడి ఆరకముందే వేసేశారని నా అనుమానం. మూడు నాలుగేళ్లకు ఒకసారి పైపూత వేసుకోవాల్సిందే. ఒకసారి వేస్తే పదేళ్లు చూడక్కర్లేదని షాపులో చెప్పే మాట మా డాబా మీద నిలబడలేదు.

ఇంకో సంగతి. డిష్ యాంటెన్నా బిగించడానికి వచ్చినవాళ్లు అడక్కుండానే పిట్టగోడకు డ్రిల్ వేస్తారు. మా ఇంట్లో అన్నీ బాగుపడ్డాక మళ్లీ తడి కనిపించింది ఆ బోల్టుల కిందే. పైగా సముద్రపు గాలికి మామూలు ఇనుప బోల్టు తుప్పు పట్టి ఉబ్బి చుట్టూ సిమెంటును పగలగొడుతుంది. స్టాండును విడిగా సిమెంటు దిమ్మ మీద పెట్టమనండి.

పైన పని అయిన వెంటనే లోపల గోడకు రంగు వేయించకండి. ఇటుక పీల్చుకున్న నీరు ఆరడానికి నెలలు పడుతుంది. మేము ఉబ్బిన పుట్టీ గీకేసి, ఉప్పు దులిపి, ఆ గోడను ఒక వానాకాలం అలాగే వదిలేశాం. అది దాటాక కూడా పొడిగానే ఉందని చూసుకుని రంగు వేయించాం. ఆ రంగు ఇప్పటికీ ఉబ్బలేదు.